మోగకూడని పెట్టె

వచ్చే సోమవారం నుంచి విమానమెక్కే ప్రతి పెట్టె ఎక్స్‌రే మెషీన్ దాటాల్సిందే. లోపలున్నది తెరమీద స్పష్టంగా కనిపించకపోతే పక్కన పెట్టేస్తారు. విప్పి చూసేలోగా విమానం వెళ్ళిపోతుంది. ఈ రెండు ముక్కలు మా కార్గో ఆఫీసు ఖాతాదారుల బుర్రకెక్కించడం నా పని. ఉత్తరం పంపితే చదవరు. ఫోన్ చేస్తే "సరేనమ్మా, చూద్దాం" అంటారు. చెప్పీ చెప్పీ ఒళ్ళు మండి, తలా ఒక పెట్టె పట్టుకుని గోదాముకు రమ్మన్నాను. మెషీన్‌తో ముందే రిహార్సల్ చేయిద్దామని.

బూట్ల వ్యాపారి పెట్టె దాటింది. మందుల కంపెనీ పెట్టె దాటింది. మా మేనత్త పెట్టె మాత్రం తెరమీద నల్లటి ముద్దలా కనిపించింది.

అత్త కంచు గంటలు పోతపోస్తుంది. పెద్ద గంటలో చిన్నది, అందులో ఇంకా చిన్నది దూర్చి, సందుల్లో రంపపు పొట్టు కూరుతుంది. పెట్టెను ఊపితే చిన్న చప్పుడు కూడా రాకూడదు. వచ్చిందా, మళ్ళీ మొదటి నుంచి సర్దాల్సిందే. ముప్పై ఏళ్ళుగా అదే ఆవిడ గర్వం.

మంగళవారం ఆవిడ గంటలు ఇరవై నాలుగు వెళ్ళాలి. సముద్రానికి అవతల చూపులేని పిల్లల బడి ఒకటుంది. గది గుమ్మానికొక గంట, గంటకొక స్వరం. ఆ స్వరాన్ని బట్టే పిల్లలు తమ గది పోల్చుకుంటారు. గురువారం బడి తెరుస్తారు. వాటికోసం అత్త ఎనిమిది నెలలు కొలిమి వదల్లేదు.

"విడివిడిగా పడుకోబెట్టాలత్తా. ఒకదాంట్లో ఒకటి ఉంటే కుదరదు."

"విడిగా పెడితే మోగుతాయే! మోగే పెట్టె నా గడప దాటదు."

"అయితే విమానమూ ఎక్కదు."

"పెద్ద ఆఫీసరమ్మవి బయల్దేరావు! నీకు జడలేసి బడికి పంపింది నేనే."

"ఆ చేత్తోనే ఇవీ పంపు మరి," అన్నాను. నేనూ ఆవిడ మేనకోడల్నే కదా.

రెండు రోజులు మూతి ముడుచుకుంది. ఆదివారం పొద్దున్నే ఫోన్.

"ఏమే, గట్టి దారపుండ పట్టుకుని రా."

పల్చటి పెట్టెల్లో గంటలు ఒక్క వరసగా పరిచాం. మోగకుండా ప్రతి గంట నాలుకా దారంతో కట్టాం. ఎలా కట్టాలో ఆవిడకే పాఠం చెబుతూ నేనూ కొన్ని కట్టాను.

"మాటలు తగ్గించి ముడి బిగించు," అంది అత్త.

మంగళవారం మధ్యాహ్నం పెట్టెలు బెల్టు మీదికెక్కాయి. అత్త పసుపు గీత ఇవతలే నిలబడి నా చెయ్యి నలిపేస్తోంది. మొదటిది దాటింది. రెండోదీ దాటింది. మూడోది తెరమీదికొచ్చింది. ఒక్కో గంటా, దాని నాలుకతో సహా, ఎంత చక్కగా కనిపించిందో! తెర ముందున్న ఆఫీసరు తలూపింది. నాకు గెంతాలనిపించింది.

అప్పుడే బెల్టు చివర పెట్టె కాస్త కుదుపుకు లోనైంది.

టింగ్!

గోదాములో అందరూ అటు తిరిగారు. మూడో పెట్టెలో మూలనున్న చిన్న గంట. దానికి ముడి వేసింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

"కనిపించాలన్నాం గానీ వినిపించాలనలేదే!" అని నవ్వుతూ ఆఫీసరు ముద్ర కొట్టేసింది. అందరూ నవ్వారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. అత్త పెట్టె వెనక్కి తెమ్మంటుంది, మళ్ళీ సర్దుతానంటుంది, విమానం పోతుంది. భయంభయంగా అత్త వైపు తిరిగాను. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు, నోరంతా నవ్వు.

"ముప్పై ఏళ్ళుగా పంపిస్తున్నానే. నాకు చెప్పి వెళ్ళింది ఇదొక్కటే."