ఆవిడ నిలబడ్డ చోటు

ఆ మఫ్లరే, అనుమానం లేదు, అంచు దగ్గర అల్లిక తప్పి నాలుకలా బయటికొచ్చిన ముక్క పేపరు ఫొటోలో కూడా వెక్కిరిస్తోంది, పెళ్ళయ్యాక ఆమె మొదటిసారి అల్లిన వస్తువు, ఆయన మెడకి చుట్టి అద్దం ముందు నిలబెట్టి తనే మురిసిపోయిన వస్తువు, ఇప్పుడెవరో పొడుగావిడ మెడలో హాయిగా ఒదిగి కూచుంది, పక్కన ఆయన, మెడ బోసిగా, పైగా నవ్వుతూ, పెద్ద తరగతుల ఆడపిల్లలకి బడి మానిపించే ఉత్తర్వుని నిరసిస్తున్న దౌత్యవేత్తలు అని కింద రాశారు, నిరసనంటే పళ్ళికిలించడమా, ఆమెకి తెలీకడుగుతుంది.

నిన్నటిదాకా ఎంత బావుంది, ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటే చూసి నవ్వుకునేది, ఆవిరి పట్టిన అద్దం మీద ఆయన గీసి వెళ్ళిన వంకర మూతి బొమ్మని మధ్యాహ్నందాకా తుడవనిచ్చేది కాదు, రాయబార కార్యాలయం ఇచ్చిన ఈ ఇంట్లో తలుపు కిర్రుమన్నా ముద్దొచ్చేది, ఇప్పుడు ఆ కిర్రుకి ఒళ్ళు మండుతోంది, ఏవండీ మఫ్లరేదీ అని రాత్రి అడిగితే, ఆవిడకి చలేసి వణుకుతోంటే ఇచ్చాను పిల్లా, అన్నాడు, అన్నం కలుపుకుంటూ, ఉప్పు అందించమన్నంత తేలిగ్గా, ఆహా, ఆవిడకే వేస్తుందా చలి, ఇంట్లో ఉన్నవాళ్ళకి వెయ్యదా, అంటే, నువ్వు హీటరు పక్కన కూచుంటావు కదుటోయ్, అని నవ్వు, ఇంతకీ ఆ బడి దగ్గర మీరు చేసే ఘనకార్యమేమిటో, నిలబడతాం, నిలబడి ఏం చేస్తారట, నిలబడే ఉంటాం, గోడ పొడుగునా గేటుదాకా చెయ్యందేంత దూరంలో ఒక్కొక్క దేశంవాళ్ళం, మా వెనకగా గోడవారన పిల్లలు నడిచి బళ్ళోకెళ్తారు, మా దౌత్య కార్డులున్నవాళ్ళ మీద కాపలావాళ్ళు చెయ్యి వెయ్యకూడదు, కానీ వరసలో ఖాళీ కనిపిస్తే దూరి పిల్లని బయటికి లాగేస్తారు, ఓసారలాగే లాగేశారు, అన్నప్పుడు ఆయన గొంతు మారింది, ఆ మార్పు ఆమె వినలేదు, వినాలనుకోలేదు, ఆవిడ పక్కన రోజూ మీరేనా అని అడిగింది, వరసలో చోట్లు మారవు, అన్నాడు, మారవట, పెళ్ళిపీటల మీద కూడా అంత కచ్చితంగా కూచోలేదు ఈ మహానుభావుడు.

చేతి తొడుగులు మర్చిపోయాడు, అదొక్కటి చాలు వెళ్ళడానికి, ట్యాక్సీలో కూచుని మాటలు సిద్ధం చేసుకుంది, నమస్కారమండీ, మా ఆయన మఫ్లరు మీ దగ్గరుండిపోయిందట, ఉండిపోయిందట అనేచోట కాస్త నొక్కాలి, కట్టుకున్న చీర బావుందో లేదో, ఆవిడ పొడుగు ముందు తను మరీ చిన్నపిల్లలా ఉంటుందేమో, కాలేజీలో అందరికంటే ముందు చెయ్యెత్తేది తను, ఆ పట్టా ఇప్పుడు పెట్టెలో బట్టల అడుగున ఉంది, ఇదెందుకు గుర్తొచ్చిందిప్పుడు, మలుపు తిరగ్గానే గోడ, గోడ పొడుగునా కోట్లేసుకున్న మనుషులు, నోటి ముందు పొగలు, ఆయన, ఆయన పక్కన ఎవరూ లేరు.

ఆవిడ లేదు, ఆవిడ ఉండాల్సిన చోట గోడకున్న ఇనపకొక్కేనికి పచ్చగా మఫ్లరు వేలాడుతోంది, బస్సులో సీటుకి చేతిరుమాలు వేసినట్టు, ఆమె కోపానికి ఎదుట మనిషి లేకుండా పోయి గాలి తీసిన బెలూనులా అయింది, నువ్వేంటి ఇక్కడ, అన్నాడాయన, తొడుగులు, అంది, ఆవిడేరి, రాత్రికి రాత్రి వాళ్ళ ప్రభుత్వం వెనక్కి పిలిచేసింది, ఇక్కడివాళ్ళతో గొడవెందుకని, తెల్లారకుండా వచ్చి ఇది కట్టి వెళ్ళింది, మీ ఆవిడది ఆవిడకే ఇచ్చెయ్యండి, ఇన్నాళ్ళు ఉంచుకున్నందుకు తిట్టొద్దనండి, అని చీటీ రాసి పెట్టింది, అంటూ ఆయన చెయ్యి చాపాడు, అవతలి ముసలి రాయబారీ చాపాడు, ఇద్దరి వేళ్ళ మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఖాళీ, దాని ఎదురుగా మీసాల కాపలావాడు, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ, తొందరేం లేదన్నట్టు చూస్తున్నాడు, మలుపులో పిల్లలు కనిపించారు.

ఆలోచించలేదు, ఆలోచించి ఉంటే చీరా చెప్పులూ గుర్తొచ్చేవి, వెళ్ళి ఆ ఖాళీలో నిలబడింది, కాపలావాడు దగ్గరికొచ్చి కార్డు అన్నాడు, సంచిలో చెయ్యి పెడితే దువ్వెన వచ్చింది, తొడుగులొచ్చాయి, చివరికి కార్డొచ్చింది, ఆయన కార్డు లాంటిదే, అదే ముద్ర, కింద భార్య అని ఉంటుంది, దిగిన రోజు ఆ మాట చూసుకుని పొంగిపోయింది, వాడు దాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసి, నువ్వు ఉద్యోగివి కాదుగా, పెళ్ళానివి, అన్నాడు, కార్డు కార్డే కదా అన్నా, అంది, అక్కణ్ణించి కదల్లేదు, వాడు పుల్ల ఉమ్మేసి వెనక్కి జరిగాడు, వెనక అడుగుల చప్పుడు, ఎవరిదో పుస్తకాల సంచి నడుముకి రాసుకుపోయింది, అప్పుడే చెక్కిన పెన్సిలు వాసన, కొత్తావిడే, పొట్టిగా ఉంది, అని ఓ పిల్ల గుసగుస, నోర్ముయ్యవే వింటుంది, అని ఇంకో పిల్ల, ఒకరి తర్వాత ఒకరు, గేటు లోపలికి, అందరూ.

కొక్కెం మీంచి మఫ్లరు తీసి మెడకి చుట్టుకుంది, ఎవరిదో సబ్బు వాసన వేసింది, వెయ్యనీ, నిన్నట్నించీ కడుపులో మండింది మఫ్లరు గురించి కాదు, పక్కనున్న ఆయన గురించి కూడా పూర్తిగా కాదు, ఈ చోటు గురించి, తను హీటరు పక్కన కూచుని అద్దం మీది బొమ్మ చూసుకుంటున్నప్పుడు ఆవిడ ఇక్కడ నిలబడిందే, దాని గురించి, ఆవిడ మళ్ళీ రావాలి, తప్పకుండా రావాలి, వస్తే అటుపక్క నిలబడమనాలి, మఫ్లరు కావాలంటే ఇచ్చేస్తుంది, ఈ చోటు మాత్రం ఇవ్వదు.