అత్తగారి గడ్డి

మా పామాయిల్ తోటలో ఒక గడ్డి ఉంది. నేలను కరుచుకుని గుండ్రంగా పరుచుకుంటుంది, చేతివేళ్లు విచ్చినట్టు కంకులు వేస్తుంది. దాన్ని మా కోడలూ కూలీలూ "అత్తగారు" అంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎంత మందు కొట్టినా చావదట, అందుకని. నవ్వొచ్చింది గానీ, నవ్వితే అలుసైపోతానని ముఖం ముడుచుకున్నాను.

అసలు దానికంత పొగరు నేర్పింది మావాడే, నా కొడుకే. ఏటా అదే మందు కొట్టేవాడు. చావక మిగిలిన నాలుగు దుబ్బులూ గింజలు రాల్చాయి, ఆ మొండిఘటాల పిల్లలే ఇప్పుడు తోటను ఏలుతున్నాయి. మావాడు మోతాదు పెంచాడు. చెవిటివాడి ముందు శంఖం ఇంకాస్త గట్టిగా ఊదినట్టు.

కాలవ అవతలి చిన్న తోట కోడలిది. మొలక నాటినుంచి సంచుల్లో తానే పెంచి నాటిన లేత మొక్కలు. అక్కడా ఆ గడ్డి తలెత్తేసరికి మావాడు తేల్చేశాడు: ఈ ఏడు గింజ రాలితే మొక్కలు పీకించి నేల కౌలుకిచ్చేస్తాడట. కోడలు ఆ పూట కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

మర్నాడు నన్ను గట్టుమీద కూర్చోబెట్టి తోటంతా కలియదిరిగింది.

"అత్తయ్యా, గాలికొచ్చిన గడ్డయితే చెల్లాచెదురుగా మొలవాలి కదా. ఇదేంటి, గీత గీసినట్టుంది?" అంది.

నిజమే. వరసల మధ్య పాపిడి తీసినట్టు పచ్చటి చారలు. అన్నీ కాలవ మీది వంతెన దగ్గరే మొదలు. ఆ వంతెన దాటి వచ్చేది మావాడి గడ్డికోత యంత్రం ఒక్కటే. పెద్ద తోటలో కోసి, దాన్ని కడగకుండానే ఇటు తోలుకొచ్చి, పెళ్లాం మెచ్చుకోవాలని ఆమె తోట కూడా నున్నగా కోసిపెట్టేవాడు. యంత్రం కడుపులో ఇరుక్కున్న గింజలన్నీ ప్రేమగా ఇక్కడ దింపి వెళ్లేవాడన్నమాట.

మావాణ్ణి పిలిపించాం.

"అత్తగార్ని ఇక్కడికి మోసుకొచ్చింది మీరేనండీ," అంది కోడలు. నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

"మోసుకొస్తే మోసుకొచ్చాడులే. సాగనంపే దారి చెప్పు," అన్నాను.

చెప్పింది. కంకి విచ్చకముందే దుబ్బులు పీకి సంచుల్లో బయటికి మోయాలి. వరసల మధ్య అలసంద చల్లి నేలకు ఎండ తగలకుండా కప్పాలి. మందు తప్పదనుకున్నచోట వేరే రకం కొట్టాలి. యంత్రానికి స్నానం కానిదే వంతెన దాటకూడదు. మావాడు గొణుక్కుంటూనే నీళ్లగొట్టం పట్టుకున్నాడు. చిన్నప్పుడు స్నానమంటే వాడెంత ఏడిపించేవాడో నేను కూలీలకు పూసగుచ్చినట్టు చెప్పాను. యంత్రం బాగా శుభ్రపడింది.

ఆ ఏడు చిన్న తోటలో గింజ రాలలేదు. కౌలు మాట మావాడు మళ్లీ ఎత్తలేదు. అలసంద తీగ నేలంతా అల్లుకుంది. మొన్న ఎక్కడో ఒక్క దుబ్బు కనిపిస్తే కోడలు నవ్వాపుకుంటూ నాకే చూపించింది.

"ఒకత్త చాలు నీకు," అని వంగి పట్టుకున్నాను. ఓ పట్టాన ఊడిరాలేదు. పేరు ఊరికే పెట్టలేదు వీళ్లు.