కార్పెట్ కింద ఊదారంగు తువ్వాలు

బ్రేకు వేయగానే పక్క సీటు కింద నీళ్లు తొణికాయి. వ్యాన్ నడుపుతున్న ఫోటోగ్రాఫర్ గబుక్కున కెమెరా సంచీ ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. బయట వాన వెలిసి చాలాసేపయింది. వ్యాన్ లోపల మాత్రం ఇంకా వెలవలేదు.

ఆ వ్యాన్ ఏళ్ల తరబడి ఆమె బావ నడిపినది. కొత్తది కొనుక్కుంటూ పాతది మరదలైన ఆమెకు ఇచ్చేశాడు. ఇచ్చేశాడే గానీ వదిలిపెట్టలేదు. దానికి చిన్న నలత వచ్చినా తనకేదో అవమానం జరిగినట్టు వచ్చి వాలేవాడు. ఆఫీసులో కుర్చీ దిగని మనిషి, జేబులో పెన్ను పక్కనే స్క్రూడ్రైవర్ పెట్టుకు తిరిగేవాడు. పెన్నుతో ఎంత పని జరిగేదో స్క్రూడ్రైవర్‌తోనూ అంతే.

"నా దగ్గరున్నన్నాళ్లూ చుక్క కారలేదమ్మా. నీ చేతికొచ్చాకే ఇలా..." అనేవాడు.

"అవును బావా. నన్ను చూసి ఏడుస్తోంది," అనేది ఆమె.

నీళ్లు కారుతున్నాయంటే ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే, కన్నాలు పూడ్చే జిగురు, సీలెంట్. ముందద్దం చుట్టూ పూశాడు. తలుపుల అంచులకు పూశాడు. వైపర్ల కిందా మీదా కంటికి కన్నంలా కనిపించిన ప్రతిదాన్నీ పూడ్చాడు. పని ముగిసేసరికి వ్యాన్ ముక్కు చీదని పిల్లాడిలా తయారైంది. తర్వాతి వానకు నీళ్లు ఇంకాస్త ఎక్కువే వచ్చాయి. "సీలెంట్ ఆరాలి కదా, తొందరపడి కురిసేస్తే ఎలా?" అని వానను తప్పుపట్టారు ఆయనగారు.

మేడమీది తన గదికి కుళాయి పైపు అందదు కనక, ఆదివారం పొద్దున్నే ఆమె అక్కావాళ్ల ఇంటిముందు వ్యాన్ ఆపి పైపు అడిగింది.

"ఎందుకు?" అన్నాడు బావ.

"నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూద్దామని. మీరు చూడకుండానే పూసేశారుగా."

"చూడ్డానికేముంది? నాకు అనుభవం ఉంది."

"అయితే ఆ అనుభవాన్ని తీసుకెళ్లి లోపల కూర్చోబెట్టండి. టార్చి పట్టుకుని డ్యాష్‌బోర్డ్ కిందకు చూస్తుండండి."

బావ పక్క సీట్లో దర్జాగా కూర్చున్నాడు. అక్క టీ కప్పుతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆమె కిందనుంచి మొదలుపెట్టింది. తలుపు అడుగున పైపు పట్టి కాసేపు ఆగింది. లోపల పొడిగానే ఉంది. తలుపు అద్దం మీద పట్టింది. పొడే. "చూశావా నా సీలెంట్!" అని లోపలినుంచి కేక. ముందద్దం పైభాగం తడిపినా ఏమీ కాలేదు. బావ ముఖం వెలిగిపోతోంది. అప్పుడామె వైపర్ల కింద జల్లెడలా ఉండే ప్లాస్టిక్ పలక మీదికి పైపు తిప్పింది.

"అమ్మో!"

డ్యాష్‌బోర్డ్ కిందనుంచి దిగిన ధార, వంగి చూస్తున్న బావ ముఖాన కొట్టి, ఒళ్లోకీ చెప్పుల్లోకీ జారింది.

"ఆపు, ఆపు తల్లీ!"

"కాస్త ఆగండి బావా. అనుభవం బాగా నానాలి కదా," అని ఇంకాసేపు పట్టింది.

పలక ఊడదీస్తే కింద తొట్టిలాంటి గాడి ఉంది. అద్దం మీద పడ్డ వాన అందులోకి దిగి, మూలనున్న రంధ్రంలోంచి చక్రం వెనకగా నేలమీదకు పోవాలి. ఆ రంధ్రం ఏనాటి నుంచో కుళ్లిన ఆకులతో సగం మూసుకుపోయింది. మిగిలిన సగాన్ని బావ సీలెంట్ మూసింది. పోయే దారిలేక నీళ్లు గాలి గొట్టంలోంచి లోపలికి దిగుతున్నాయి.

"బయటికి పోయే దారి మూసేసి, లోపలికెందుకొస్తున్నాయని ఇన్నాళ్లూ ఆశ్చర్యపోయారా?"

"కన్నం కనిపిస్తే ఎవరైనా మూస్తారు," అన్నాడు బావ ప్యాంటు పిండుకుంటూ.

ఆమె సీలెంట్ గీకేసి, తీగతో పొడిచింది. గుడగుడమని నల్లటి నీళ్లు చక్రం వెనకనుంచి దూకాయి. ఇక ఆరబెట్టడమే మిగిలిందని కార్పెట్ లాగింది. దాని కింద చక్కగా మడత పెట్టి పరిచిన ఊదారంగు తువ్వాలు ఒకటి, బూజు పట్టి, తుప్పుకు అతుక్కుపోయి ఉంది. అంచున తెల్లదారంతో కుట్టిన పువ్వు.

"చుక్క కారని బండికి పరుపెందుకు బావా? చలేస్తుందనా?"

బావ నోరు తెరిచేలోగా అక్క వచ్చి తువ్వాలు అందుకుంది. పువ్వు మీది బూజును వేలితో రుద్ది చూసింది.

"ఇది దండెం మీంచి పోయిందనే కదా పక్కింటావిణ్ణి దొంగ అన్నాను. మొహం మీదే అన్నాను. పాపం, ఏడ్చుకుంటూ లోపలికెళ్లిపోయింది. అప్పట్నుంచీ మాటల్లేవు."

"చిన్న తడే కదా అని... అప్పుడు చేతికి అదే దొరికింది," అని నసిగాడు బావ.

"నేను ఆవిణ్ణి నానా మాటలూ అంటుంటే మీరు వరండాలోనే ఉన్నారు. పేపరు పేజీ తిప్పారు. నాకు గుర్తుంది."

"అప్పుడు చెబితే నన్ను బతకనిచ్చేదానివా?"

అక్క కేకలు వేయలేదు. తువ్వాలు ఆయన చేతుల్లో పెట్టింది. "నడవండి, పక్కింటికి. ముందు మీరు. వెనక నేను."

"ప్యాంటు మార్చుకుని..."

"ఇలాగే."

ఫోటోగ్రాఫర్ వ్యాన్ దగ్గరే ఉండిపోయింది. మాటలు వినిపించడం లేదు. పక్కింటి గుమ్మంలో బావ చేతులు తిప్పుతూ, వ్యాన్ వైపు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. క్షమాపణ చెప్పడానికి వెళ్లి కూడా సీలెంట్ గురించే వివరిస్తున్నాడని ఆ చేతులు చూస్తేనే తెలుస్తోంది. పక్కింటావిడ ఆయన్ని గానీ తువ్వాలుని గానీ చూడలేదు. మెట్టు కింద తల దించుకుని నిలబడ్డ అక్కనే చూసింది, చాలాసేపు. తర్వాత పక్కకు తప్పుకుని అక్కకు దారిచ్చింది.

వెనకే అడుగు వేయబోయిన బావను మాత్రం నీళ్లోడుతున్న ప్యాంటు చూపించి, గుమ్మం బయటే ఆపేసింది.