మేనేజరవడానికి ఎన్నేళ్ళు

"మేడమ్, ఇక్కడ మేనేజరవడానికి ఎన్నేళ్ళు పడతాది?" అని దేవి అడిగినప్పుడు నేను ఆఫీసు వెనక వరండాలో టీ గ్లాసులు కడుగుతున్నాను. గ్లాసులు కడగడం నా పని అని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆరేళ్ళ కిందట పనిమనిషి మానేసినప్పుడు, కొత్త మనిషి దొరికేదాకా ఓ వారం చూద్దామని మొదలుపెట్టాను. ఆ వారం ఇంకా అవలేదు.

"మగాళ్ళకైతే మూడేళ్ళు" అన్నాను.

"మనకో?"

"నాకు పదకొండేళ్ళయినాది. అయినప్పుడు సెప్తాను."

దేవి నవ్వింది. చేరి నాలుగు నెలలైన పిల్ల, పొందూరు నుంచి రోజూ రైలులో వస్తుంది. నవ్వుతూనే రెండో గ్లాసు అందుకుని తుడవబోయింది. ఆ గ్లాసు లాక్కుని, లోపలికి పోయి పని చూసుకోమన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, పిల్ల మొహం చిన్నబోయింది. ఒకసారి తుడిస్తే ఇక వదలదే తల్లీ అని విడమరిచి చెప్పే ఓపిక ఆ పూట నాకు లేదు.

మాది విజయనగరంలో, మందుల షాపు మీద మేడలో, ఆడిటరు నరసింగరావు గారి ఆఫీసు. ఎనిమిది మందిమి. పృథ్వీరాజ్ చేరినప్పుడు వోచరంటే ఏమిటో, దాన్ని ఏ ఖాతాలో వెయ్యాలో నేనే పక్కన కూర్చుని చూపించాను. రెండున్నరేళ్ళకి అతను మేనేజరయ్యాడు. ఆ రోజు స్వీట్ల డబ్బా తెచ్చి నా చేతికే ఇచ్చి, "అందరికీ పంచండక్కా" అన్నాడు. పంచాను. ఇప్పుడు అతనికి విశాఖపట్నంలో పెద్ద ఉద్యోగం వచ్చింది, నెలాఖరుకి వెళ్ళిపోతున్నాడు. ఆ కుర్చీ హరిబాబుదేనని అందరూ అనుకుంటున్నారు. హరిబాబు వచ్చి రెండేళ్ళు. మంచివాడే, నేనంటే గౌరవం కూడా. ఎటొచ్చీ అతను క్యాంపులకి వెళతాడు, నేను వెళ్ళను. మా దగ్గర మేనేజరంటే ఊళ్ళు తిరగాలి. సాలూరులో లారీ ఓనర్ల దగ్గర రెండు రోజులు, ఆమదాలవలస రైసుమిల్లుల్లో మూడు రోజులు కూర్చుని పుస్తకాలు చూడాలి. నన్నెవరూ పంపలేదు. సాలూరు బిల్లులు గోనెసంచిలో డీజిలు కంపుతో నా బల్ల మీదికే వస్తాయి. ఎవరి లారీ ఎప్పుడు ఒడిశా దాటిందో, ఎవరు ఏ బంకులో ఆయిలు కొట్టిస్తారో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సాలూరు మటుకు ఇంతవరకూ చూడలేదు.

ఆ సాయంత్రం సంతకాలకి ఫైళ్ళు పట్టుకెళితే నరసింగరావు గారు తలెత్తకుండానే అన్నారు. "ఈశ్వరమ్మా, సాలూరు ఫైళ్ళన్నీ హరిబాబుకి ఓసారి సెప్పీమ్మా. వచ్చే నెల నించి అతనే మేనేజరు."

అలాగే సార్ అనే మాట పదకొండేళ్ళుగా నా నాలుక మీదే ఉంటుంది. ఆ రోజెందుకో అది రాలేదు. "నేను పనికిరానా సార్?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. కోపం లేదు, వింతగా చూశారు. "అదేటమ్మా అలగంతావు? మూడేళ్ళ కిందట పృథ్వీ కంటే ముందు నీ పేరే కదా అనుకున్నాను. రమేష్‌బాబుకి ఫోన్ సేసి అడిగేను కూడాను. ఆవిడికి ఇల్లే సరిపోతాది సార్, ఊళ్ళు తిరగడం అవ్వదు అన్నాడు. ఇంటాయన్ని అడక్కుండా ఆడపిల్లని ఊళ్ళమ్మట తిప్పడం మర్యాద కాదు కదా. నువ్వే అలగ సెప్పమన్నావనుకున్నాను."

రమేష్‌బాబు మా ఆయన. నా సొంత మేనబావ. మునిసిపల్ ఆఫీసులో పనిచేస్తాడు.

ఇంటికి బస్సులో ఎలా వచ్చానో తెలీదు. మూడేళ్ళు. ఈ మూడేళ్ళూ నాలోనే లోపం వెతుక్కున్నాను. ఇంగ్లీషు రాక పంపడం లేదేమోనని ఇదే బస్సులో ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఇంగ్లీషు పాఠాలు విన్నాను. తప్పులు వస్తున్నాయేమోనని ప్రతి ఫైలూ రెండుసార్లు సరిచూశాను. సరైన చీర కట్టుకోవడం లేదేమోనని కూడా ఒకసారి అనుకున్నాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. నా మీద నాకు అంత చులకన రావడానికి ఒక్క ఫోను కాలు సరిపోయింది. పోయినేడు బావ సీనియర్ అసిస్టెంటయ్యాడు. వరసలో నిలబడ్డవాడికి వంతు వచ్చినట్టు వచ్చింది, అయినా సంతోషమే. వీధంతటికీ పులిహోర పెట్టాలన్నాడు. అరవై మందికి కలిపాను, రెండు రోజులు భుజం లేవలేదు. ఆ ప్రమోషను తీసుకోమంటావా వద్దా అని నన్నెవరూ ఫోను చేసి అడగలేదు.

ఇల్లు చేరి, అత్తకి ఇన్సులిన్ సూది వేసి, మా పిల్ల చేత హోంవర్కు చేయించి, బావకి అన్నం పెట్టాను. అతను రెండు ముద్దలు తిన్నాక అడిగాను.

"బావా, మూడేళ్ళ కిందట మా ఆడిటరు గారు నీకు ఫోన్ సేసేరా, నా గురించి?"

అతను తింటూనే ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "ఆఁ, సేసినట్టున్నాడు. మేనేజరో ఏటో అన్నాడు."

"నాకు సెప్పలేదేటి?"

"మరిసిపోనాను."

దాచాడనుకున్నాను. బస్సులో వస్తున్నంతసేపూ, దాచాడు, కడుపులో పెట్టుకున్నాడు అని కుమిలిపోయాను. దాచడానికైనా అదొక విషయమని అనుకుని ఉండాలి కదా. గ్యాసు బండ ఎప్పుడొస్తుందో గుర్తుంటుంది అతనికి. ఇది గుర్తు లేదు.

"అయినా కుదిరీదేటి?" అన్నాడు సాంబారు గిన్నె దగ్గరకు లాక్కుంటూ. "నువ్వు సాలూరెల్లి కూకుంటే అమ్మకి సూది ఎవలేస్తారు, పిల్లకి జడెవలేస్తారు? నీ మంచికే సెప్పేను. ఇప్పుడు అడిగినా అదే సెప్తాను."

మంచం మీద నుంచి అత్త అందుకుంది. "ఆడన్నదాంట్లో తప్పేటే? ఫేను కింద కుర్సీలో కూకుని వస్తావు, దానికే నడుం నొప్పంతావు. ఇంక ఊళ్ళు కూడా తిరుగుతావేటి?"

జవాబు చెప్పడానికి బలం కావాలి, అది సాయంత్రం ఏడు దాటాక నా దగ్గర ఉండదు. గిన్నెలు సర్దుతూ, ఆ అంట్లన్నీ తోముతూ ఆలోచించాను. అత్త అన్నది అబద్ధం కాదు, నాకు అలుపే. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. సాలూరు బస్సు పోనూ రానూ నాలుగు గంటలు. ఆనాడు నన్నే అడిగి ఉంటే, పిల్ల చిన్నది, నావల్ల కాదు సార్ అని నేనే అనేదాన్నేమో. అనేదాన్నేమో కాదు, అనేదాన్నే. కానీ ఆ వద్దు నాది అయ్యేది. అనుకుని, బాధపడి, ఏదో ఒకనాడు మనసు మార్చుకునే దారి ఉండేది. వద్దనడం కూడా నా చేతికి రాకుండా పోయింది. ఇదిగో, ఇది తలుచుకున్నప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. తోముతున్న గిన్నె వదలకుండానే ఏడ్చాను.

ఏడ్చాక ఇంకో ప్రశ్న మిగిలింది. పోనీ, ఇప్పుడు కావాలా నీకు? ఎవరూ అడగని ప్రశ్న కాబట్టి జవాబు సిద్ధంగా లేదు. చాలాసేపు పట్టింది. బావ సంగతి, అత్త సంగతి, పిల్ల జడ సంగతి ఒక్కొక్కటే పక్కన పెట్టి చూసుకుంటే, చివరికి అడుగున ఉంది. కావాలి. ఆ గోనెసంచులు పంపే మనుషుల ఎదురుగా కూర్చుని, ఈ బిల్లు ఎక్కడిది బాబూ అని అడగాలని ఉంది. నేను అడిగినదానికి వాళ్ళు జవాబు వెతుక్కోవాలని ఉంది.

పొద్దున్న ఆఫీసుకి బయల్దేరే ముందు, అత్తకి సూది ఎలా వెయ్యాలో బావకి చూపించాను. "ఇదిప్పుడెందుకు?" అన్నాడు. "నేర్చుకుంటే పోయేదేటి" అన్నాను. ఒకటికి రెండుసార్లు అడిగి, వేశాడు.

ఆఫీసులో తిన్నగా నరసింగరావు గారి గదిలోకి వెళ్ళాను. "సార్, హరిబాబుకి ఇంకా ఫైళ్ళు సెప్పలేదు. సాలూరు క్యాంపుకి నేను ఎల్తాను. ఆమదాలవలసకీ ఎల్తాను. మేనేజరు పని నాకియ్యండి."

ఆయన మొహం నిజంగానే విప్పారింది. మంచి మనిషి, ఆ మాట ఎప్పుడైనా ఒప్పుకుంటాను. "అంతకంటేనా అమ్మా. నీకు తెలిసినంత పని హరిబాబుకి ఎక్కడ తెలుసు? నాకూ అదే కావాల" అంటూ బల్ల మీది ఫోను అందుకున్నారు. "ఉండు, రమేష్‌బాబుని ఓ మాట అడిగీసి ఖాయం సేసీద్దాం."

"ఆయన్ని నిన్న నేనే అడిగేను సార్" అన్నాను. "ఆయనికి మేనేజరవ్వాలని లేదంట. నాకున్నాది."