నేను కొట్టిన నంబరు

మేం భయపడిందంతా పొగ గురించే. అదీ మా తెలివి. తలగడ కింద పాముంటే కర్ర పట్టుకుని పెరడంతా వెతికినట్టు, ఇరవై రోజులు నేనూ ఐజాకూ పొగ, పొగ అని పలవరించాం.

నా పేరు పాపన్న. సోమందేపల్లెలో హైవే పక్కన రేకుల షెడ్డు నాది. లారీలు, జీపులు, ట్రాక్టర్లు, ఏదొచ్చినా విప్పుతాను. విప్పినవాటిలో చాలామటుకు మళ్ళీ బిగిస్తాను కూడా. మా ఊళ్ళో నన్ను మంచి మేస్త్రీ అంటారు. ఆ మాట విని విని నేనూ నమ్మాను. అక్కడే వచ్చింది చేటు.

నా స్నేహితుడు ఐజాక్‌కు ఒక పాత డీజిల్ అంబాసిడర్ ఉండేది, బాడుగలకు తిప్పేవాడు. అంతకుముందు పదకొండేళ్ళు తాడిపత్రిలో బండల పాలిష్ పనిలో ఉన్నాడు. పొద్దున తెల్లగా పోయేవాడు కాదు గానీ సాయంత్రం మాత్రం తెల్లగా వచ్చేవాడు, అని వాళ్ళావిడ జాయ్ నవ్వుతూ చెప్పేది. తర్వాత నవ్వడం మానేసింది. దగ్గు పట్టుకుని వదలకపోతే అనంతపురంలో డాక్టరుకు చూపించాం. డాక్టరు ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పెట్టి, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందనీ, అది పోయేది కాదనీ, ఇక ఆ పనికి వెళ్తే మనిషి దక్కడనీ చెప్పాడు. తోడు వెళ్ళింది నేనే, ఆ మాట పక్కన కూర్చుని విన్నాను. ఆ తర్వాత జాయ్ మెడలోవీ చెవులవీ అమ్మి, అన్నదమ్ముల దగ్గర చేబదులు తెచ్చి, కొన్నారు ఆ కారు. అది బాడుగ కారు కాదు, ఆయన ఊపిరి. ఈ మాట గుర్తుంచుకుంటే మిగతా కథ అర్థమవుతుంది.

మా నేల సంగతి తెలిసిందే. వాన లేదు, బావి లేదు. బోర్లలో వచ్చే కాసిని నీళ్ళూ ఉప్పూ సున్నమూ. ఆ నీళ్ళు పోసీ పోసీ రేడియేటరు లోపల గారపట్టి మూసుకుపోయింది. రెండువేల రెండులో, మే నెల ఎండలో, కంబదూరు నుంచి పెళ్ళివారిని తీసుకొస్తుంటే ఇంజను కాగిపోయి బ్లాకు నిలువునా పగిలింది. పెళ్ళివారు దిగి నడిచారు. ఐజాక్ మాత్రం బండి దగ్గరే కూర్చున్నాడట, మర్నాడు నేను లారీకి కట్టి లాక్కొచ్చేదాకా.

పగిలిన బ్లాకుకు వైద్యం లేదు. అనంతపురం పాత సామాన్ల దుకాణంలో, గుద్దుకుని నుజ్జయిన ఒక వ్యానులోంచి తీసిన డీజిల్ ఇంజను దొరికింది. మంచి ఇంజను. ఐజాక్ పట్టుబట్టి బిల్లు రాయించుకున్నాడు. బిల్లులో ఇంజను నంబరు కూడా వేయించాడు. తెచ్చి బైబిల్లో పెట్టుకున్నాడు.

"ఈ బిల్లు తీసుకొనిపోయి ఆర్టీఓ ఆఫీసులో చూపిస్తే, ఆర్సీ పుస్తకంలో కొత్త నంబరు ఎక్కిస్తారంటనే పాపన్నా," అన్నాడు.

"యెవరు చెప్పినారప్పా నీకు?" అన్నాను.

"చర్చిలో ఒక సారు చెప్పినాడు."

"ఆయప్పకేం, చెప్తాడు. ఆఫీసుకు పోతే ఆరు నెల్లు తిప్పుతారు. చెప్పులరిగిపోతాయి. అంతవరకు బండి యాడ పెట్టుకుంటావు, నీ నెత్తిన?"

నా మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఉండి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం ఆయన చర్చికి పోయిన సమయాన, నేను గ్రైండరు పట్టుకుని కొత్త ఇంజను మీది నంబరు నున్నగా అరగదీశాను. రేకు డబ్బాలోంచి అంకెల పంచులు తీసి, ఆర్సీ పుస్తకం ముందు పెట్టుకుని, పగిలిన పాత ఇంజను నంబరును సుత్తితో ఒక్కొక్క అంకే కొట్టాను. ఎంత శ్రద్ధగా కొట్టానో చెప్పలేను. మధ్యలో ఒక మూడు కాస్త పక్కకు ఒరిగింది. దాని మీద గ్రీజు పూశాను. ఐజాక్ వచ్చాక చూపించి, ఇక ఏ ఆఫీసు గడపా తొక్కాల్సిన పని లేదు పో, అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఈ పనికి నేను పైసా తీసుకోలేదు. స్నేహితుడికి చేసిన మేలని చెప్పుకుని తిరిగాను.

ఆ మరుసటి వేసవికి ఎఫ్.సి. చేయించాల్సి వచ్చింది. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఆఫీసువాళ్ళు ఇచ్చే కాగితం అది. అది లేని బండి కదిలితే పట్టుకుంటారు. ఏజెంటు ఎర్రిస్వామి ఎప్పుడూ ఇట్టే పని చేయించేవాడు. ఈసారి తల అడ్డంగా ఊపాడు.

"కొత్త బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చినాడన్నా. దుడ్లు ముట్టడు. టీ గూడా తాగడు. పొగ మీటరు తానే పట్టుకొని చూస్తాండాడు. నిన్నొక్క పొద్దే తొమ్మిది బండ్లు ఎనక్కి పంపినాడు."

అలా మొదలైంది పొగ భయం. హైవే మీద ఒక వ్యానులో పొగ చూసేవాళ్ళుంటే చూపించాం. అరవై అయిదు దాటకూడదట, మాది డెబ్భై ఎనిమిది చూపింది. ఐజాక్ మొహం మాడిపోయింది. దగ్గు వచ్చింది, పక్కకు పోయి దగ్గాడు.

నేను ఊరుకునే మనిషిని కాను. నాజిళ్ళు నాలుగూ విప్పి కొత్తవి వేశాను. డీజిల్ పంపు అనంతపురం పంపి సరిచేయించాను. గాలి ఫిల్టరు మార్చాను. వాల్వులు సర్దాను. సైలెన్సరు విప్పి కాల్చి, మసి రాలగొట్టాను. చివరి వారం రాత్రీ పగలూ లేదు. జాయ్ అన్నం తెచ్చి షెడ్డులోనే పెట్టేది. ఒకరోజు అడిగింది, "అన్నా, అవుతాదా?"

"అయితాదిలేమ్మా. నేనుండానుగా," అన్నాను.

బండ్లు పరీక్షించే మైదానానికి పొద్దున్నే వెళ్ళాం. మాకు ముందు పది బండ్లున్నాయి. ఇన్‌స్పెక్టరు సన్నగా, నలభై దాటని మనిషి. గోదావరి జిల్లాల మాట. ఎవరినీ కసరడు, ఎవరితోనూ నవ్వడు. మా వంతు వచ్చేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. బండిని ముందే పది కిలోమీటర్లు తిప్పి ఇంజను వేడి చేసి పెట్టాను. ఆయన గొట్టంలో కడ్డీ పెట్టి, యాక్సిలేటరు తొక్కమన్నాడు. ఐజాక్ తొక్కాడు. ఇంకోసారి. ఇంకోసారి. మీటరు కాగితం బయటికొచ్చింది.

"ముప్పై తొమ్మిది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కాగితాన్ని రెండోసారి చూసుకున్నాడు. "పాత బండికి ఇంత తక్కువ ఈ నెలలో నేను చూడలేదండీ. మేస్త్రీ ఎవరు?"

"ఈయనే సార్. మా పాపన్న," అన్నాడు ఐజాక్. ఆ గర్వం ఆయన గొంతులో ఇప్పటికీ వినిపిస్తుంది నాకు. నేను చొక్కా సర్దుకున్నాను. పెళ్ళిలో కూడా నాకంత సంతోషం కలగలేదు.

తర్వాత ఆయన బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, హారన్ మోగించమన్నాడు. అన్నీ బాగున్నాయి. చివరికి బానెట్ ఎత్తమన్నాడు. గుడ్డ ముక్కను డీజిల్‌లో ముంచి గ్రీజు తుడిచాడు. పల్చటి కాగితం నంబరు మీద పరిచి, పెన్సిల్‌తో మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. ఇంతకు ముందున్న ఇన్‌స్పెక్టర్లు ఈ పని ఏజెంట్లకు వదిలేసేవాళ్ళు. కాగితం మీద అంకెలు ఒక్కొక్కటే తేలాయి. ఏడు. ఒకటి. ఒరిగిపోయిన మూడు. రుద్దుతూ ఉంటే ఆ అంకెల సందుల్లో ఇంకేవో గీతలు లేచాయి. నేను నున్నగా అరగదీశాననుకున్నవి. ఒక ఎనిమిది సగం, ఒక నాలుగు తోక.

ఇన్‌స్పెక్టరు కాగితాన్ని ఎండలోకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంజను మార్చారా?" అన్నాడు.

ఐజాక్ నా వైపు చూడలేదు. "మార్చినాము సార్. బ్లాకు పగిలిపోయింటే. బిల్లు ఉండాది," అని బైబిల్లోంచి తెచ్చుకున్న బిల్లు జేబులోంచి తీసి ఇచ్చాడు.

ఇన్‌స్పెక్టరు బిల్లు చదివాడు. అందులోని నంబరు చూశాడు. ఇంజను చూశాడు. ఆయన మొహంలో కోపం కనిపించి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. బాధ కనిపించింది.

"ఈ బిల్లులో నంబరు ఇంజను మీద ఉండి ఉంటే, ఒక అర్జీ రాయించుకుని వారంలో ఎక్కించి ఇచ్చేవాణ్ణండీ. ఇది మామూలు పని. రోజూ చేస్తాం," అన్నాడు. "ఇప్పుడు ఈ బిల్లు ఏ ఇంజనుదో మీరు చెప్పలేరు, నేను చెప్పలేను. దొంగ బండ్లకు ఇలాగే కొడతారు. నేను పైకి రాయకుండా ఉండలేను. ఎవరు కొట్టారిది?"

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఊడిన నాలుక నాది కూడా. నేను, అని ఒక్క మాట అనాలి. అంతే. నోరు తెరిచాను. షెడ్డు కళ్ళ ముందు కనబడింది, పోలీసులు కనబడ్డారు. మాట రాలేదు.

"నేనే సార్," అన్నాడు ఐజాక్.

"మీరా? మీకు పంచ్ కొట్టడం వచ్చా?"

"వచ్చు సార్."

పంచ్ ఏ చేత్తో పట్టుకుంటారో కూడా తెలియదు ఆ మనిషికి. ఇన్‌స్పెక్టరు నన్నొకసారి చూశాడు. నేను తల దించుకుని, పొగ ముప్పై తొమ్మిదని రాసిన కాగితాన్ని మడతపెడుతూ నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరు చూపిన చోటల్లా ఐజాక్ సంతకం పెట్టాడు. కారు అక్కడే ఉండిపోయింది. ఇద్దరం బస్సులో తిరిగొచ్చాం. దారిలో ఆయన నన్ను తిట్టి ఉంటే పోయేది.

పదిరోజులు నాకు అన్నం సయించలేదు. పదకొండో రోజు ఒక్కణ్ణే ఆఫీసుకు వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు గుర్తుపట్టి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"ఆ నంబరు కొట్టింది నేను సార్. ఆయప్పకేం తెలీదు."

ఆయన ఆశ్చర్యపోలేదు. "నాకు ఆ రోజే తెలుసండీ," అన్నాడు.

"నేను రాసిస్తే బండి వదుల్తారా?"

"వదలరు. ఎవరు కొట్టినా అరగదీసిన నంబరు తిరిగి రాదు కదా. ఆ ఇంజను ఇక రోడ్డెక్కదు."

"ఆయప్ప మీద కేసు పోతాదా?"

"ఆయన సంతకం పెట్టారు. ఫైలు కోర్టుకు వెళ్ళిపోయింది. మీరు రాసిస్తే కేసు ఇద్దరి మీదవుతుంది. అంతే తేడా." తెల్ల కాగితం తీసి నా ముందు పెట్టాడు. "రాస్తానంటే రాయండి. నేను వద్దనను."

ఆ కాగితం అక్కడే వదిలి బయటికొచ్చాను. నిజం చెప్పాలి. అంతే తేడా, అని ఆయన అన్నప్పుడు నాకు ఊరట కలిగింది. రాసినా లాభం లేదట, చేతనైంది చేశాను, అనుకుని మెట్లు దిగాను. ఆ ఊరటను తలచుకుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

ఐజాక్ సోమవారం బయలుదేరాడు. ఎక్కడికని అడగనవసరం లేదు. సొంత బండి పోయాక బండల పని తప్ప ఆయనకు ఇంకో దారి లేదు, మా పల్లెల్లో ఆ కరువుకు కూలి పని కూడా లేదు. బస్‌స్టాండుకు నేనూ వెళ్ళాను. జాయ్ చేతిలో సంచి ఉంది. ఆఫీసుకు వెళ్ళిన సంగతి చెప్పాను.

"యాల పోతివన్నా ఆడికి?" అన్నాడు ఐజాక్. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "నీకూ కేసైతే నాకు ఇంకో బండి యెవరు చేసిస్తారు? ఒక్క యేడాది. యేడాది పన్జేసుకొని వస్తా. మళ్ళా పాతదొకటి చూద్దాం."

"చూద్దాంలేప్పా," అన్నాను.

అనంతపురం బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. అక్కణ్ణించి తాడిపత్రి బస్సు పట్టుకోవాలి. బస్సు హైవే ఎక్కి మలుపు తిరిగేదాకా జాయ్ కదల్లేదు. తర్వాత నా వైపు తిరిగింది. కళ్ళు తడిగా లేవు.

"యేడాదంటాండాడు," అంది. "డాక్టరు చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉండావు కదన్నా. యేడాది ఉంటాడా?"

"ఉంటాడమ్మా," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను అక్కణ్ణించి కదల్లేకపోయాను.