కాలరులో ఒక వేలు

కాలరుకీ మెడకీ మధ్య వేలు దూరలేదు.

మొన్నటిదాకా దూరిన వేలే. గంజి బిరుసు, కింద వెచ్చని చర్మం… మధ్యలో చోటు లేదు.

ఆమె దర్జీ. కుట్టిన ప్రతి కాలరులోనూ వేలు పెట్టి చూస్తుంది. ఒక వేలు పట్టాలి. పట్టకపోతే ఊపిరాడదు. రెండు పడితే చొక్కా ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటుంది.

ఆమె భర్త బస్సు డ్రైవరు. పై గుండీ పెట్టుకోకపోతే డిపోలో ఊరుకోరు.

"కొవ్వు మెడకెక్కిందండీ మీకు," అంది.

"నీ వంట మహిమ," అన్నాడాయన.

నవ్వుకుంది. గుండీని కొంచెం పక్కకి జరిపింది. నెల తిరక్కుండా ఇంకాస్త జరిపింది. ఆ వారమే ఆయన ప్యాంటు నడుం దగ్గర బిగించింది. మెడ పెరుగుతోంది, నడుం తగ్గుతోంది… టేపు చెబుతూనే ఉంది. ఆమె మాత్రం బట్టని సరిచేస్తూ పోయింది. సూది చేతిలో లేని ఏ భార్యయినా, చొక్కా ఎందుకు పట్టడం లేదని ఎప్పుడో అడిగి ఉండేది.

ఒకరోజు కాలరు సర్దుతుంటే చేతికి తగిలింది. మెడ పక్కన గడ్డ.

నొప్పి లేదు. నొప్పి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపింది. లింఫోమా, ఒక రకం క్యాన్సరు అంది. అదేంటో అర్థమయ్యేలా చెప్పమన్నారు ఇద్దరూ.

"ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయమ్మా. కొత్త క్రిమిని పట్టుకోవడానికి తమ జన్యువుల్ని తామే కత్తిరించుకుని, మళ్ళీ అతికించుకుంటాయి. అది వాటి పనే. ఒక కణంలో ముక్క వేరే చోట అతుక్కుపోయింది. ఇక అది చావాల్సినప్పుడు చావదు."

"చొక్కా చంక ముక్క తెచ్చి కాలరుకి కుట్టినట్టా?"

"అలాంటిదే."

దొంగ కాదు. పరాయివాడు కాదు. ఇంటి కాపలావాడే.

చర్మం కింద ఒక ఏరుంది, లింఫు అంటారు. ఎర్రటిది కాదు. దాన్ని తోసే గుండె లేదు. మనిషి కదిలితేనే కదులుతుంది. మెడలో, చంకలో, గజ్జల్లో చిన్న చిన్న మడుగులు కడుతుంది.

ఆ కణం ఆ ఏట్లో దిగింది. రెండైంది. నాలుగైంది. ఆయన స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఏరు కదిలింది, ఏటితో పాటు అదీ కదిలింది. మెడ నుంచి చంకకి, చంక నుంచి ఛాతీలోకి… ప్లీహంలో మకాం పెట్టింది. ఆయన మాత్రం ప్రయాణికుల్ని దించుతూ, ఎక్కించుకుంటూ తిరిగాడు.

ఇంట్లో ఆమె కూర్చోలేకపోతోంది, నిలబడలేకపోతోంది. సూదిలోకి దారం ఎక్కదు.

కోసిన ముక్కని కొలతగా పెట్టుకుని ఇంకో ముక్క కోయకూడదు. గోరంత తేడా వస్తుంది. దాన్ని పెట్టి ఇంకోటి కోస్తే, ఇంకో గోరంత. అందుకే ఆమె ఎప్పుడూ గోడకి తగిలించిన అట్ట నమూనా తీసే కోస్తుంది.

ఆ కణాలకి అట్ట లేదు. కణాన్ని చూసి కణం. దాన్ని చూసి ఇంకోటి. గోరంత… గోరంత… చివరికి ఏదీ మొదటిదానిలా లేదు.

మందు ఎక్కించారు. జుట్టు రాలింది. గడ్డ కరిగింది.

"అన్నీ పోయినట్టేనా డాక్టరుగారూ?"

"కనిపించేవన్నీ పోయాయమ్మా. మందుకి లొంగనిది ఒక్కటి మిగిలినా, మళ్ళీ తనలాంటి వాటినే పుట్టిస్తుంది. చూస్తూ ఉండాలి."

చూస్తూ ఉండాలి. ఎక్కడని చూడాలి?

ఇవాళ ఆయన మళ్ళీ డ్యూటీకి వెళ్తున్నాడు.

"గుండీ పాత చోటికి జరిపెయ్. కాలరు వేలాడుతోంది."

జరిపింది. విప్పిన చోట సూది చిల్లులు మిగిలాయి. గోరుతో రుద్దింది, నీళ్ళద్ది రుద్దింది. పోలేదు. ఆయన అద్దం ముందు ఈల వేస్తున్నాడు. ఆమెకి భయంగా ఉంది. అంత తేలిగ్గా ఈల వేస్తున్నందుకు కోపంగా కూడా ఉంది.

గుండీ పెట్టింది. వేలు పెట్టింది. పట్టింది.

తీసి, మళ్ళీ పెట్టింది.

"ఎన్నిసార్లే? బస్సు వెళ్ళిపోతుంది."

"మీరు లేకుండా ఎలా వెళ్తుంది?"

ఆయన నవ్వాడు. నవ్వితే మెడ కదిలింది. మెడ కదిలితే కింద ఏరు కదిలి ఉంటుంది.

గంజి బిరుసు. వెచ్చని చర్మం. మధ్యలో ఆమె వేలు.

ఇందాకటికంటే బిగువుగా ఉందా…

గంజేమో.

ఆమె వేలు తీయలేదు.