ఒక్కపొద్దు నాడు దాల్చా

గల్ఫ్‌లో మా వంటశాల ముఐథర్ అనే పేట దాటాక ఉండేది. ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు పునాదుల నుంచి లేస్తున్న రోజులవి. సైట్లలో పనిచేసేవాళ్ల క్యాంపులకు అన్నం, కూరలు అక్కడినుంచే వెళ్లేవి. వండినవి బండి ఎక్కేముందు రుచి చూసి సరే అనడం నా ఉద్యోగం. బీఎస్సీ చదివి తినడానికి జీతం తీసుకుంటున్నావా అని జగిత్యాల నుంచి మా అన్న పోశన్న ఫోన్లో నవ్వేవాడు.

నడుం ఎత్తు డేగిసాలు. మూత తీస్తే ఆవిరి పైకప్పు దాకా లేచేది. ఇంత తిండి ఒక్కచోట ఉడకడం చూస్తే పని మరిచి నిలబడిపోయేవాణ్ణి. ఏళ్లు గడిచినా అది మామూలు కాలేదు.

రంజాన్‌లో నా పని బరువు పెరిగేది. హెడ్ కుక్ ఇక్రాముద్దీన్‌ది బోధన్. నెలంతా రోజా ఉండి, జూన్ ఎండలో, పొయ్యిల ముందు నిలబడి వండేవాడు. ఒక్క చుక్క నోట పెట్టేవాడు కాదు. గరిటె నావైపు చాచి నా ముఖం చూసేవాడు. నేను కనుబొమలు ముడిస్తే చాలు, ఉప్పు దోసిలితో అందుకునేవాడు.

ఒక ఏడు రంజాన్‌లోనే ప్రమీల తిథి వచ్చింది. నా భార్య పోయినప్పటి నుంచి ఆ రోజు పొద్దుగూకే దాకా మెతుకు ముట్టను. ఆమెకోసం చేయగలిగింది ఇంకేం మిగల్లేదు. సెలవు అడిగి పెట్టుకున్నాను గానీ, నా బదులు రావాల్సిన సురేందర్‌కు జ్వరం వచ్చింది. వెళ్లక తప్పలేదు.

సంగతి చెబితే ఇక్రాముద్దీన్ విసుక్కోలేదు. ఫ్యాను గాలి తగిలే మూలకు నా కుర్చీ జరిపించాడు. ఉపవాసం లేని నేపాలీలు ఇద్దరున్నారు, వాళ్లతో కానిద్దామన్నాడు. వాళ్లు మొదటి డేగిసా దాల్చా రుచి చూసి, బాగుందని తలూపి, దాన్ని ఎక్కించుకుని బండితో పాటే వెళ్లిపోయారు. రెండోది అప్పటికింకా ఉడుకుతోంది.

దాన్ని దించే వేళకు ఇక్రాముద్దీన్ గరిటె పట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. మధ్యలో గ్యాసు అయిపోయి సిలిండరు మార్చారు. ఆ హడావిడిలో ఉప్పు వేశాడో లేదో గుర్తు రావడం లేదు. చుట్టూ ఉన్నవాళ్లందరూ రోజాలో ఉన్నారు. నేను వంగి వాసన చూశాను. మాంసం, సొరకాయ, చింతపండు, పుదీనా అన్నీ తెలుస్తున్నాయి. ఉప్పుకు వాసన ఉండదు. పడకపోతే కూర చప్పన, పడినదానిమీద మళ్లీ వేస్తే నోట పెట్టలేరు. పొద్దంతా ఎండలో ఉపవాసమున్న క్యాంపుకు ఆ పూట వేరే కూర లేదు.

నేను గరిటె అందుకున్నాను. ఇక్రాముద్దీన్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు గజేందర్ భాయ్. ఒక్కపొద్దు ఎందుకు చెడగొట్టుకుంటవ్?"

"వాళ్లు తినాలె గద భాయ్. మా ఇంటామె ఏమనుకోదు."

"ఆమె అనుకోదు. నువ్వనుకుంటవ్. ఏడాదంత అనుకుంటనే ఉంటవ్." డేగిసాలోకి వంగి చూశాడు. "మాకు దారి ఉన్నది. తప్పనప్పుడు వంటోడు నాలుక కొసకు పెట్టి ఊంచొచ్చు. మింగొద్దు, అంతే."

"మరి గిన్నేండ్ల సంది నన్నెందుకు సతాయించినవ్?"

"నీకు డ్యూటీ ఉండాలె గద," అన్నాడు. నవ్వబోతే ఎండిపోయిన పెదవి చిట్లింది.

చెయ్యి కడుక్కుని, ఒక చుక్క తీసి ఆరనిచ్చాడు. నాలుక కొసకు తాకించి కళ్లు మూసుకున్నాడు. తెల్లవారుజామునుంచి నీళ్లు లేని గొంతు కదలకుండా ఎలా ఆగిందో నాకు తెలియదు. బయటి తూము దగ్గరకు వెళ్లి ఉమ్మేశాడు. పుక్కిలించమని నీళ్లు పోయబోతే వద్దని, తువ్వాలు కొసతో నాలుక గట్టిగా తుడుచుకున్నాడు.

"ఉప్పు పడలే. యల్లా, జల్ది తే."

వేసి, కలిపి, ఎక్కించారు. బండి గేటు దాటేదాకా నేను ఆయన్నే చూస్తున్నాను. ఆ పొయ్యిల ముందు ఇన్ని రంజాన్లు గడిపి, తనకోసం ఒక్కసారీ వాడుకోని వెసులుబాటు అది.

పొద్దుగూకగానే మసీదునుంచి అజాన్ వినిపించింది. వంటశాలలో అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇక్రాముద్దీన్ దువాకు చేతులెత్తాడు, ఆగి నావైపు తిరిగాడు.

"భాభీ పేరేంది?"

"ప్రమీల," అన్నాను. ఆ దేశంలో ఆ పేరు పైకి పలకడం నాకదే మొదటిసారి.

తప్పు పోకుండా ఒకసారి మెల్లగా అనుకుని చూశాడు. తర్వాత అరచేతుల్లోకి చూస్తూ పెదవులు కదిపాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఖర్జూరాలు చేత పట్టుకుని ఆయన ముగించేదాకా ఆగారు.